రిలే కాయిల్‌ని ‘ఉత్తేజపరచవచ్చా’? ఈ మాట ఎక్కడ వాడాలి?

చిత్తుప్రతి అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఇరుక్కుపోయి ఉన్నాను, కాస్త బయట పడేయండి.

నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తుంటాను. మందుల కరపత్రాలు, యంత్రాల మాన్యువళ్ళు, యాప్‌లలో కనిపించే చిన్న చిన్న వాక్యాలు, ఏది వస్తే అది. పోయిన వారం ఒకే రోజు రెండు పనులు వచ్చాయి. ఒకటి మోటారు కంట్రోల్ ప్యానెల్ మాన్యువల్, ఇంకోటి యోగా నేర్పే యాప్. రెండింట్లోనూ ఒకే ఇంగ్లిష్ మాట, ఎనర్జైజ్. మాన్యువల్లో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్‌ని ఎనర్జైజ్ చేయమన్నారు. యాప్‌లో పొద్దున్నే శరీరాన్ని ఎనర్జైజ్ చేసుకోమన్నారు.

నా బుర్రలో ఆ మాటకి తెలుగు ‘ఉత్తేజపరచు’ అని ఎప్పటినుంచో స్థిరపడిపోయి ఉంది. ఆలోచించకుండా రెండు చోట్లా అదే పెట్టేశాను. మాన్యువల్‌ని సరిచూడటానికి ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరుకి పంపారు. ఆయన ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు: ‘కాయిల్‌ని ఉత్తేజపరచాలంటే ఏం చేయాలండీ, చప్పట్లు కొట్టాలా?’

ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. రెండు పేజీలు తిప్పితే డీ-ఎనర్జైజ్ అని ఇంకో మాట ఉంది. దానికి నేను ‘నిరుత్తేజపరచండి’ అని రాసి ఉన్నాను. దాని పక్కన ఆయన ఏమీ రాయలేదు. మూడు ప్రశ్నార్థకాలు పెట్టి వదిలేశారు.

యాప్ వాళ్ళది ఇంకో గొడవ. వాళ్ళ దగ్గర హిందీ చూసే అమ్మాయి నా తెలుగులో ‘శరీరాన్ని ఉత్తేజపరచుకోండి’ అన్నది చదివించుకుని కంగారు పడిందట. హిందీలో శరీరం పక్కన ఉత్తేజిత్ అనే మాట వస్తే అర్థం వేరే వైపు పోతుందని. తెలుగులో అలా లేదమ్మా అని చెప్పాను కానీ, గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు. సరే మారుద్దామని ‘శక్తివంతం చేసుకోండి’ అని రాసి చూశాను, బ్యాటరీల ప్రకటనలా ఉంది. ‘శక్తిని నింపుకోండి’ అంటే మనిషి కాస్తా బిందె అయిపోయాడు.

చివరికి మా అమ్మని అడిగాను. పొద్దున్నే లేచి కాసేపు ఒళ్ళు వంచితే ఎలా ఉంటుందమ్మా అంటే, ‘ఒంట్లోకి ఓపిక వస్తుంది’ అంది. ఓపిక అంటే సహనం కదా అన్నాను. ‘అదీ ఓపికే, ఇదీ ఓపికే’ అని టీవీ వైపు తిరిగింది.

ఇంతకీ ఉత్తేజం అంటే శక్తి ఇవ్వడమేనా? కాకపోతే మరేమిటి? కాయిల్‌కి ఏం చేయమని రాయాలి? యాప్‌లో హోమ్ పేజీ మీద ఒక బటన్ కూడా ఉంది, దాని మీద ఒక్క మాటే పడుతుంది. అది కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

మూడోఫేజు రాసిన జవాబు:

అమ్మా, ఆ ఎర్ర సిరా నాది కాదు. అయినా నా దగ్గరికి వచ్చినా అదే రాసేవాణ్ణి, ఏమీ అనుకోకండి.

ముప్పై ఏళ్ళుగా ప్యానెళ్ళు బిగించడం, విప్పడం నా పని. మా వాళ్ళెవరూ దీనికి పుస్తకం మాట వాడరు. ‘కాయిల్‌కి సప్లై ఇవ్వు’ అంటాం. పెద్ద లైన్ అయితే ‘లైన్ ఛార్జ్ చేశాం’ అంటాం. రిలే పని చేస్తే ‘పికప్ అయింది’ అంటాం, వదిలేస్తే ‘డ్రాప్ అయింది’ అంటాం. మీరు కూడా ‘కాయిల్‌కు విద్యుత్ సరఫరా ఇవ్వండి’ అని రాస్తే చదివేవాడికి చేతులు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఉత్తేజపరచండి అంటే తెలియదు.

రిలేలో జరిగేది చూస్తే మీకే అర్థమవుతుంది. ఒక రాగి తీగ చుట్ట, మధ్యలో ఇనుప కడ్డీ. తీగలో కరెంటు పారగానే కడ్డీ అయస్కాంతమై పైనున్న చిన్న రేకుని లాక్కుంటుంది. టక్ మని చప్పుడు. ఆ రేకు కదిలితే విడిగా ఉన్న కాంటాక్టులు కలుస్తాయి, కలిసి ఉన్నవి విడిపోతాయి. కరెంటు తీసేస్తే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. ఇంకో టక్. అంతే దాని బతుకు. ఆ కాయిల్‌కి ఇచ్చేది చాలాసార్లు 24 వోల్టులే. దాంతో మోటారు తిరగదు. రిలే వెనక కాంటాక్టర్, అంటే ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద రిలే లాంటిది, దాని వెనక 415 వోల్టుల మోటారు. చిన్నది కదిలి పెద్దదానికి దారి ఇస్తుంది.

ఇంకో మాట కూడా చూసుకోండి. మీ మాన్యువల్లో నార్మల్లీ ఓపెన్ అని ఉండే ఉంటుంది. దాన్ని ‘సాధారణంగా తెరిచి ఉండే’ అని రాశారా? రాసి ఉంటే మార్చండి. కొత్త కుర్రాడు ‘సాధారణంగా’ అంటే మోటారు రోజూ తిరుగుతూ ఉన్నప్పుడు అనుకుంటాడు. అసలు అర్థం కాయిల్‌కి కరెంటు లేనప్పుడు తెరుచుకుని ఉండేది అని. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని వైరు మార్చినవాణ్ణి నా కళ్ళతో చూశాను. స్టాప్ బటన్ నొక్కితే మోటారు స్టార్టయింది.

ఇక డీ-ఎనర్జైజ్. దీని దగ్గర మాత్రం నవ్వులాట వద్దు. ‘ఆఫ్ చేయండి’ అని కూడా రాయకండి. ఆఫ్ చేయడం వేరు, కరెంటు లేకుండా చేయడం వేరు. వయసులో ఉన్నప్పుడు మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ ఒకటి ఆఫ్ చేసి, స్క్రీన్ ఆరిపోయింది కదా అని వెంటనే మూత తీశాను. లోపల కెపాసిటర్లలో ఛార్జ్ ఇంకా దిగలేదు. స్క్రూడ్రైవర్ ఎక్కడ తగిలిందో తెలియదు, ఫట్ మని నీలం వెలుగు. దాని మొన కరిగి చిన్న గుండు కట్టింది. ఇన్ని నిమిషాలు ఆగి మూత తీయమని ఆ మూత మీదే రాసి ఉంది. ఇంగ్లిష్‌లో. చదవలేదు. ఆ స్క్రూడ్రైవర్ ఇప్పటికీ నా టూల్ బ్యాగులోనే ఉంది, కొత్తగా చేరినవాళ్ళకి ముందు అదే చూపిస్తాను.

కాబట్టి ఆ ఒక్క మాటకి మూడు వాక్యాలు రాయండి. సరఫరా పూర్తిగా తీసేయండి. మళ్ళీ ఎవరూ వేయకుండా తాళం వేయండి. మీటరు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాకే చేయి పెట్టండి. లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకోవడం అంటారే, లైన్ క్లియర్, అదీ ఇదే. స్విచ్ తీశామని కాదు, లైన్లో కరెంటు లేదు, నువ్వు చెప్పేదాకా వేయం అని ఒప్పుకోవడం. వాక్యం పొడుగైందని మీ వాళ్ళు సణుగుతారేమో. సణగనివ్వండి.

వీధిబడి రాసిన జవాబు:

మూడోఫేజు గారు వస్తువు సంగతి తేల్చేశారు. మాట సంగతి నేను చెబుతాను. రిటైరైన తెలుగు మాస్టర్ని, ఇలాంటి ప్రశ్న కనిపిస్తే చేయి ఆగదు.

చిత్తుప్రతి గారూ, ఉత్తేజం అంటే శక్తి ఇవ్వడం కాదు. పదును పెట్టడం. సంస్కృతంలో తిజ్ అనే ధాతువు ఉంది, పదును చేయడం అని దాని అర్థం. తీక్ష్ణం అందులోంచి వచ్చింది. తేజస్సు కూడా అందులోంచే వచ్చింది. తేజస్సు అంటే మనం వెలుగు అనే అనుకుంటాం గానీ కత్తి అంచునీ మంట కొసనీ కూడా తేజస్సు అన్నారు. దానికి ముందు ‘ఉత్’ చేరితే ఉత్తేజనం. కత్తిని సాన పట్టడం అన్నమాట.

సాన పట్టడం ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? రాయి తిరుగుతుంటే కత్తి అంచు నుంచి నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రవ్వలు కత్తిలోంచి పోతున్న ఇనుమే. సాన పట్టాక కత్తి బరువు పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. కానీ తెగుతుంది. ఉత్తేజం కూడా అంతే. బయటినుంచి ఏమీ పోయలేదు, లోపల ఉన్నదానికే మొన తేలింది. అందుకే ఒక ఉపన్యాసం విని ఉత్తేజం పొందాం అంటే ఒప్పుతుంది. కాయిల్‌కి ఒప్పదు, దానికి బయటినుంచి కరెంటు రావాల్సిందే కదా. మీ ఇంజనీరు గారి చెవికి తేడా కొట్టింది అక్కడే. ఆయనకి ధాతువు తెలియకపోవచ్చు, చెవి తెలుగుది.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఓపిక అనేది ‘ఓపు’ నుంచి వచ్చింది. ఓపడం అంటే భరించగలగడం. ‘ఈ బాధ నేను ఓపలేను’ అంటాం. భరించగలిగితే మనసుకి సహనం, ఒంటికి సత్తువ. తెలుగువాడికి రెండింటికీ వేరే మాటలు ఉన్నా, ఈ ఒక్కటీ రెండు పనులూ చేస్తుంది. తమాషా ఏమిటంటే, ఇందాక చెప్పిన తిజ్ ధాతువులోంచే సంస్కృతంలో ఇంకో మాట పుట్టింది, తితిక్ష. అంటే ఓర్పు. ఆ పుట్టుకకి ‘గుప్తిజ్కిద్భ్యః సన్’ అని పాణిని వ్యాకరణ సూత్రం కూడా ఉంది. తేజస్సూ ఓర్పూ ఒకే ధాతువులోంచి వచ్చాయి. మీ అమ్మగారు టీవీ చూస్తూ అన్న ముక్క అదే.

హిందీ సంగతికొస్తే, మీరన్నదే నిజం. సంస్కృతంలో ఈ మాట మంచికీ చెడ్డకీ వాడారు. హిందీలో ఉత్తేజిత్ అంటే ఆవేశంలో ఉన్న, రెచ్చిపోయిన అనే వైపు వాలిపోయింది. తెలుగులో మంచివైపే నిలిచింది. ‘ఉత్తేజకరమైన ప్రసంగం’ అంటే మెచ్చుకోలు. ప్రసంగం విని జనం రాళ్ళు పట్టుకున్నారనుకోండి, అప్పుడు ‘రెచ్చగొట్టే ప్రసంగం’ అంటాం. చెడ్డవైపు పనికి మనకి సొంత మాటలు బోలెడు ఉన్నాయి మరి. కుక్కని ఉసిగొల్పుతాం. మనిషినీ ఉసిగొల్పుతాం, కాకపోతే అప్పుడు అతన్ని కుక్కతో సమానం చేసినట్టే. గొడవని ఎగదోస్తాం, పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్టు. ‘వాడికెవరో కీ ఇచ్చి వదిలారు’ అంటాం. పురికొల్పడం మాత్రం రెండువైపులా చెల్లుతుంది. పురి అంటే తాడు పేనేటప్పుడు వేసే మెలిక. పురికొల్పడం అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ మెలికపడుతున్న నారే కళ్ళముందు కదులుతుంది.

‘నిరుత్తేజపరచండి’ గురించి ఏమీ అనను. నిస్తేజం అనే మాట వాడుకలో ఉంది, మనిషికీ మార్కెట్‌కీ వాడతారు. మీటకీ మోటారుకీ వాడరు.

అన్నట్టు, ఉత్ చేరిన మాటల్లో ఉద్దీపన కూడా ఒకటి. దీపం వెలిగించడం. ఆర్థిక వ్యవస్థకి ఉద్దీపన ప్యాకేజీ అని పేపర్లలో చదువుతాం కదా. రసం గురించి చెప్పే పాత లాక్షణికులు వెన్నెలనీ కోయిల కూతనీ ఉద్దీపన విభావాలు, అంటే మనసులోని భావాన్ని రగిల్చేవి, అన్నారు. కోయిల దగ్గరి మాట ప్యాకేజీ దాకా వచ్చింది. ఉద్యోగం కూడా ఈ ఇంటిదే. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధానికి చేసే ప్రయత్నం. నా శిష్యుడొకడు పరీక్షలో ‘పాండవులకు ఉద్యోగాలు వచ్చిన పర్వం’ అని రాశాడు. మార్కులు ఇవ్వలేదు గానీ పేపరు పారేయడానికి మనసొప్పలేదు.

పదమూడుపాయింట్ఆరు రాసిన జవాబు:

మాస్టారూ, చిన్న అభ్యంతరం. మా ఫిజిక్స్ పుస్తకాల్లో పరమాణువుకి ‘ఉత్తేజిత స్థాయి’ అని ఉంటుంది. పరమాణువుకి మనసు లేదు, ఉపన్యాసం వినదు, పైగా శక్తి బయటినుంచే తీసుకుంటుంది. మరి అక్కడ ఎలా చెల్లింది?

నా ఉద్దేశం చెబుతాను. అక్కడ ఇంగ్లిష్‌లో ఉన్నది ఎనర్జైజ్ కాదు, ఎక్సైట్. దానికి ఉత్తేజితం అని పెట్టుకున్నారు, బానే కుదిరింది. హైడ్రోజన్‌నే తీసుకోండి. భూస్థాయిలో, అంటే అన్నిటికన్నా కింది మెట్టు మీద, దాని ఎలక్ట్రాన్ శక్తి మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, తర్వాతి మెట్టు మైనస్ 3.4. తేడా 10.2. కాంతి రూపంలో 10 ఇచ్చి చూడండి, తీసుకోదు. 10.2 ఇస్తే ఎక్కుతుంది. ఎక్కి అక్కడే కూర్చుంటుందా అంటే అదీ లేదు. మామూలుగా సెకనులో పది కోట్లవ వంతు లాంటి కాసింత సమయంలో ఆ శక్తిని కాంతిగా వదిలేసి కిందికి దిగిపోతుంది. మనుషుల ఉత్తేజానికి కూడా ఈ లెక్క పెద్దగా తేడా రాదనుకోండి.

ఇంకోటి. ‘శక్తివంతం’ దగ్గర జాగ్రత్త. మామూలు మాటల్లో శక్తి, బలం, సామర్థ్యం అన్నీ ఒకటే. మా పుస్తకాల్లో ఎనర్జీకి శక్తి, ఫోర్స్‌కి బలం, పవర్‌కి సామర్థ్యం. మాన్యువల్లో ‘శక్తివంతమైన మోటారు’ అని రాస్తే ఇంజనీరు మళ్ళీ ఎర్ర సిరా తీస్తాడు. అక్కడ కావాల్సింది సామర్థ్యం.

గాలిపటం రాసిన జవాబు:

ఇంత చర్చ ఎందుకండీ, బటన్ మీద ‘హుషారు’ అని పెట్టేయండి. పారసీ నుంచి వచ్చిన మాట, అక్కడ దానికి తెలివితో మెలకువగా ఉండటం అని అర్థం. పొద్దున్నే యోగా చేసేవాడికి కావాల్సింది అదే కదా. జోష్ మాత్రం వద్దు. దాని అసలు అర్థం మరగడం. యోగా చేసి మరిగిపోతే ఎలా.

చిత్తుప్రతి మళ్ళీ రాసింది:

అందరికీ దండాలు. ఎవరి సలహా ఎక్కడ పెట్టానో చెబుతాను.

కాయిల్ దగ్గర ‘రిలే కాయిల్‌కు 24 వోల్టుల సరఫరా ఇవ్వండి. టక్‌మని చప్పుడు వినిపించాలి’ అని రాశాను. రెండో వాక్యం అసలు మాన్యువల్లో లేదు, ఇంజనీరు గారిని అడిగి చేర్చాను. ఆయన పక్కన టిక్కు పెట్టారు. డీ-ఎనర్జైజ్ దగ్గర మూడోఫేజు గారి మూడు వాక్యాలూ మక్కికి మక్కి దించేశాను. నార్మల్లీ ఓపెన్‌కి నిజంగానే ‘సాధారణంగా తెరిచి ఉండే’ అనే రాసి ఉన్నానండీ, పదకొండు చోట్ల. మీరు ఆ స్టాప్ బటన్ సంగతి చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

యాప్ బటన్ మీద హుషారు. వాళ్ళకి తెగ నచ్చింది. లోపలి వాక్యం దగ్గర మాత్రం గంట పట్టింది. ముందు ‘రోజంతా ఓపికగా ఉంటారు’ అని రాశాను. చదివితే ఆఫీసులో ఎవరేం తిట్టినా పడి ఉంటారు అన్నట్టుంది. ఓపికకి ‘గా’ తగిలిస్తే ఎక్కువగా సహనం వైపే పోతోంది, ‘ఒంట్లో’ తగిలిస్తే సత్తువ వైపు వస్తోంది. చివరికి ‘పొద్దున్నే పది నిమిషాలు ఒళ్ళు వంచండి, రోజంతా ఒంట్లో ఓపిక ఉంటుంది’ అని పెట్టాను. అమ్మకి చదివి వినిపిస్తే, ‘ఇది రాసినందుకు కూడా డబ్బులిస్తారా’ అంది.

వీధిబడి మాస్టారూ, మీరు చెప్పిన సాన రాయి బుర్రలోంచి పోవట్లేదు. ఉత్తేజం అనే మాట ఈసారి రెండు పనుల్లోనూ ఎక్కడా వాడలేదు, దాచుకున్నాను.

మాన్యువల్ నిన్న మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి ఎర్ర సిరా ఒక్క చోటే ఉంది. మోటారు బాడీని ఎర్త్ చేయాలన్న దగ్గర నేను ‘భూమిలో కలపండి’ అని రాశానట. పక్కన ‘పాతిపెట్టాలా?’ అని ఉంది. దాని మీద ఇంకో ప్రశ్న వేయనులెండి, ‘ఎర్త్ చేయండి’ అని దిద్ది పంపించేశాను.